బంతి దారికి అడ్డం

మా మనుమరాలు రత్నమాల సైకిల్ పోలో ఆడుతుందంటే కోరుట్లలో చాలామందికి అర్థం కాలేదు. పోలో అంటే గుర్రాల మీద ఆడేది కదా అన్నారు. గుర్రం బదులు సైకిల్, అంతే. జట్టుకు నలుగురు. ఒక చేతిలో హ్యాండిల్, ఇంకో చేతిలో పొడుగు కర్ర. కర్ర చివర అడ్డంగా ఒక చెక్క తల ఉంటుంది. దానితో నేల మీది బంతిని కొట్టుకుంటూ పోయి గోల్ చేయాలి. భుజం భుజం రాసుకుంటూ, ఉన్నట్టుండి మలుపుతూ పోతారు. చూసేవాళ్లకు సరదాగా ఉంటుంది. నాకు మాత్రం మొదటి రోజే భయం పట్టుకుంది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడు. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటడం లేదు. డ్రిల్లు మాస్టరు నర్సన్న కూడా సమ్మెలోనే ఉన్నాడు. పొద్దంతా టెంట్ కింద కూర్చుని నినాదాలిచ్చి, ఎండ తగ్గాక గ్రౌండుకు వచ్చి ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. నేను చాట, తునికాకు కట్ట పట్టుకుని పోయి గ్రౌండు అంచున కూర్చునేదాన్ని. బీడీలు ఎక్కడ కూర్చున్నా చుట్టవచ్చు. ఎవరి సైకిల్ ఒరిగినా నా నోట్లోంచి కేక వచ్చేది. పిల్లలు నాకు చాటవ్వ అని పేరు పెట్టారు.

"బాపమ్మా, నువ్వు ఇంటికాడ కూసోరాదు? నీ ఒర్రుడుకే నేను బంతి ఇడుస్తున్న" అనేది రత్న.

"కూసుంటే ఇంకింత భయమైతది బిడ్డా. ఈడైతే కండ్లతోని జూస్త" అనేదాన్ని.

నర్సన్న ఇచ్చిన రూల్స్ కాగితాలను రత్న ఒకసారి తిప్పి మూల పడేసింది. నేను కూడబలుక్కుని చాలాసార్లు చదివాను. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. బీడీ కట్టలు చుట్టే పాత పేపర్ల మీద నేర్చుకున్నదే. భయపడేవాళ్లకు రూల్స్ చదవడం బాగుంటుంది. మనలాగే ఇంకెవరో ముందే భయపడి రాసిపెట్టారని తెలుస్తుంది.

మనుషుల దగ్గర కర్రను భుజం దాటి లేపకూడదు. ఎదుటివాళ్ల చక్రంలో పెట్టకూడదు. హ్యాండిల్ చివర్లు మూసి ఉండాలి. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. బంతి ఏ దారిన పోతుంటే ఆ దారి వెంట వచ్చే సైకిల్‌దే హక్కు. పక్కనుంచి వచ్చి ఆ సైకిల్ ముందు అడ్డం తిరిగితే అది డేంజర్ ప్లే. అట్లా తిరిగి మనిషిని పడేస్తే ఆట నుంచి బయటికి పంపుతారు. బయటికి పంపినవాళ్లను ఆ ఏటి సెలక్షన్‌లో తీసుకోరని నర్సన్న చెప్పాడు.

సెలక్షన్ అనే మాట నాకు కర్రల కన్నా భయం. జిల్లా నుంచి ఇద్దరు ఆడపిల్లలను ఎంచి ఆటల హాస్టలుకు పంపుతారట. రైలెక్కి పోవాలి. రెండేండ్లు అక్కడే చదువు, అక్కడే ఆట. రత్నకు తప్పకుండా వస్తుందని నర్సన్న అనేవాడు. రత్న అప్పుడే కొత్త సంచి కొనిపెట్టుకుంది.

మా ఇంట్లోంచి పోయినవాళ్లు చెప్పిన మాట మీద తిరిగి రాలేదు. నా భర్త రాజలింగం భీవండీకి సాంచెల పనికి, అంటే కరెంటు మగ్గాల పనికి పోయాడు. దసరాకు వస్తానన్నాడు. అక్కడే జబ్బుపడి చనిపోయాడని తోటివాళ్లు వచ్చి చెప్పారు. నా చెల్లె చాందా దిక్కు అత్తగారింటికి పోయింది, మళ్లీ ఒక్కసారే కలిశాం. రత్న తండ్రి, నా కొడుకు, మస్కట్‌లో ఉన్నాడు. వచ్చినప్పుడల్లా ఇక పోను అంటాడు. మా కోడలు ఊర్మిల ఈ మాటలు పట్టించుకోదు. "పిల్ల బాగుపడ్తనంటే నువ్వు ఏడుస్తవేందత్తా" అంటుంది. ఆమె అన్నదీ నిజమే. అందుకని నేను రత్నతో పోవద్దని ఎప్పుడూ అనలేదు. కానీ నా మనసులో ఏముందో రత్నకు తెలుసు.

సెలక్షన్ ఆట జగిత్యాలలో పెట్టారు. కోరుట్ల జట్టుకూ సిరిసిల్ల జట్టుకూ పోటీ. మా పిల్లలు పొద్దున్నే సైకిళ్ల మీద బయలుదేరారు. నేను యాదగిరి ట్రాలీ ఆటోలో, కర్రలూ నీళ్ల క్యాన్లూ పట్టుకుని వెనక పోయాను. సిరిసిల్ల పిల్లలు వ్యానులో సైకిళ్లు వేసుకుని వేములవాడ మీదుగా వచ్చారు. దారిలో మూడు చోట్ల రాస్తారోకో ఉందట. ఆటకు పోతున్నాం అంటే నమ్మక, ఆడి చూపించమన్నారట. రోడ్డు మీద దిగి నాలుగు దెబ్బలు కొట్టి చూపించాక జై తెలంగాణ అని వదిలారట. ఆ ముచ్చట చెప్పుకుంటూ నవ్వుతూ దిగారు.

అంపైర్లు ఇద్దరూ రాలేదు. బస్సుల్లేక హైదరాబాద్‌లోనే ఆగిపోయారు. కరీంనగర్ నుంచి సెలక్షన్ చేసే సారు ఒక్కడే మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చుని ఆటను చూడాలి, విజిల్ ఊదితే కుదరదు. ఆట ఆపితే మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియదు. చివరికి నర్సన్న విజిల్ పట్టుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. నర్సన్న కోరుట్లవాడు కాబట్టి, అవతలి గీత దగ్గర నిలబడే మనిషిని సిరిసిల్లవాళ్లు కోరుకోవాలన్నారు.

మా దిక్కు పంచాయితీ పడితే ఇట్లాగే చేస్తారు. సొంత పక్షపోడిని పెద్దమనిషిగా పెట్టుకుంటే ఆ మాట ఎవరూ వినరు. అందుకని ఎదుటి పక్షంలోంచి నమ్మకమున్న ఒకరిని కోరుకుంటారు.

సిరిసిల్ల జట్టు నడిపేది ఇనాయతుల్లా. సాంచెలు రిపేరు చేసే మిస్త్రీ. కూతురు నాజియా ఆ జట్టు కెప్టెన్. అతను ఆలోచిస్తుండగానే నాజియా తండ్రితో అంది, "అబ్బా, మనకు గా చాటవ్వ కావాలె."

అందరూ నవ్వారు. నర్సన్న కూడా నవ్వాడు. "ఆమె మా రత్న బాపమ్మ. ఎరికేనా నీకు?"

"ఎరికే సార్. మొన్న కోరుట్లల ఆడినప్పుడు జూసినం. ఎవలన్న పడవోతే గామెకు ముందుగాల్నే తెలుస్తది. మీవోళ్లు పడవోయినా ఒర్రుతది, మావోళ్లు పడవోయినా ఒర్రుతది."

"నాకు గివి రావు నాయినా" అన్నాను. "నాకు కండ్లు మసకలు."

"కోడిపిల్ల మీద గద్ద వాలుతే ఎంత దూరంకెళ్లి జూస్తవ్ అవ్వా" అన్నాడు ఇనాయతుల్లా. "గంతే పని. ఆపద అనిపిస్తే తువ్వాల లేపు. నోటితోని ఒర్రకు, ఆడెటోల్లు బెదురుతరు."

ఒక తెల్ల తువ్వాల నా చేతికిచ్చారు. కాదంటే ఆట ఆగేట్టుంది. తీసుకున్నాను.

ఆటకు ముందు సైకిళ్లు, కర్రలు చూడాలి. నేను ఒక్కో హ్యాండిల్ తడిమి చూశాను. ఒకదానికి చివర మూత లేకపోతే గుడ్డ కుక్కించాను. సిరిసిల్ల కర్రల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. వాటి తలలు మామూలు చెక్కవి కావు. సాంచెల మీద నూలు పట్టుకుని అటూ ఇటూ ఉరికే నాడెలు. గట్టి చెక్క, బంతికి బాగా తగులుతుంది. కానీ నాడెకు రెండు కొసలకూ ఉక్కు మొనలుంటాయి. వాటి మీద సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి దారంతో కట్టారు.

"గివి కోసెయ్యాలె" అన్నాను.

ఇనాయతుల్లా ముఖం మారింది. "కోసుడు కుదరదవ్వా. అరిగిపోయిన నాడెలు గివి. మా వాడల అమ్మలక్కలు ఇచ్చిండ్రు. దసరా ముందర నాడె మీద ఆకురాయి గూడ పెట్టద్దని చెప్పి ఇచ్చిండ్రు. అసలే కూలి లేదు, సాంచెలు సగం బందున్నయి. ఇప్పుడు నాడెను కోస్తే ఇంట్ల అన్నం కోసినట్టే అనుకుంటరు."

"నువ్వు గూడ అనుకుంటవా?"

"నేను అనుకుంటనా లేదా అని కాదు. మాటిచ్చి తెచ్చిన."

ఆ మాట నాకు అర్థమైంది. మా ఇంట్లో కూడా దసరాకు ముందు చాటకు కొత్త బద్ద వేయం. నర్సన్న వంక చూస్తే, "రబ్బరు మందంగనే ఉన్నది గదవ్వా, ఆడనియ్యి" అన్నాడు. ఇంకో వరస ట్యూబు చుట్టించాను. ఊడితే వెంటనే గీత బయటికి వచ్చి కట్టుకోవాలి అన్నాను. సరే అన్నారు.

ఆట మొదలైంది. గ్రౌండుకు ఒక పక్క సమ్మె టెంట్లు, జనమంతా అక్కడే. రెండో పక్క గోడ వెంట నేనొక్కదాన్నే. వానలు పోయి నేల ఎండింది, దుమ్ము లేస్తున్నది. నాజియా నెమ్మదిగా, కర్ర కిందికి పట్టుకుని ఆడుతుంది. మా రత్న మెరుపులా వస్తుంది. చూస్తున్న సారు రెండుమూడు సార్లు రత్నను చూపించి పక్కవాళ్లతో ఏదో అన్నాడు. ఆ పిల్లకు అది కనబడింది. అప్పటినుంచి ఇంకా వేగం పెంచింది.

రెండో సగంలో ఇద్దరికీ సమానంగా గోల్స్ ఉన్నాయి. నాజియా బంతిని కొట్టింది. బంతి నా గీత వెంట దొర్లుతున్నది. నాజియా దాని వెనకే నేరుగా వస్తున్నది. రత్న అడ్డం దిక్కునుంచి వస్తున్నది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ముందు చక్రం మలిపింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

నాజియా సైకిల్ వచ్చి రత్న వెనక చక్రానికి తగిలింది. ఇద్దరూ పడ్డారు. నాజియా చేతిలో కర్ర నేల మీదే ఉంది. రత్న దాని మీద పడింది.

దుమ్ము తగ్గేసరికి జనం టెంట్ల నుంచి ఉరికి వచ్చారు. రత్న కనుబొమ దగ్గర చీరుకుని ముఖమంతా నెత్తురు. నాడె కొస రబ్బరు ఊడిపోయి ఉక్కు మొన బయటపడింది. దానికీ నెత్తురంటింది. నేను రత్న తలను ఒడిలో పెట్టుకుని కొంగుతో అదిమి పట్టాను. కన్నుకు ఏమీ కాలేదు. అది చూసుకున్నాకే నాకు ఊపిరి ఆడింది.

"ఇనుప మొనలు పెట్టుకోని ఆటకు అచ్చిండ్రా, కొట్లాటకు అచ్చిండ్రా?" అన్నాడు మహేశ్ అనే జగిత్యాల పిల్లగాడు. ఇంకొందరు అందుకున్నారు. సిరిసిల్లోల్లను పంపెయ్యాలన్నారు. నాజియా సైకిల్ కింద కాలు ఇరుక్కుని, మోచెయ్యి దోక్కుపోయి, "నేను సీదా వోతున్న సార్, నేను సీదా వోతున్న" అంటున్నది. ఎవరూ వినడం లేదు. ఇనాయతుల్లా బిడ్డను లేపుతూ తలవంచుకున్నాడు. తన నాడె మొననే కదా చీరింది.

నర్సన్న నా దగ్గర కూర్చున్నాడు. "అవ్వా, నేను గోల్ కాడ ఉంటి. దుమ్ముల ఏం కనవడలే. నువ్వు తువ్వాల లేపినవట. ఎవరి మీద?"

నేను కొంగును ఇంకో మడత వేసి రత్న కనుబొమ మీద అదిమాను.

"నాజియా కర్ర మీదికి లేపిందా? జర ఆలోచించి చెప్పు."

అతను నాకు దారి ఇస్తున్నాడు. నేను తలూపితే చాలు. నాజియా బయటికి పోతుంది. రత్న ముఖం మీది దెబ్బ మానుతుంది, రైలెక్కుతుంది. నిజం చెబితే రత్న ఈ ఏడు పోదు, నా ఇంట్లోనే ఉంటుంది. నేను రోజూ దేవుణ్ని అడుగుతున్నది అదే. నిజం చెబితే తీరేది నా ఆశే కాబట్టి చెప్పడానికి జంకాను. నా ఆశే నా కండ్లతో చూసిందేమో అని ఒక్క క్షణం నా మీద నాకే అనుమానం వచ్చింది. మళ్లీ ఆ పక్కకు తిరిగిన చక్రాన్ని తలచుకున్నాను. అది నేను కోరుకుంటే తిరిగింది కాదు.

"కర్ర కిందనే ఉండె" అన్నాను. "నాజియా బంతి వెంబడి సీదా అచ్చింది. అడ్డం మల్పింది మా పిల్లనే."

మహేశ్ నవ్వాడు. "పిల్లకు నెత్తురు కారుతాంటే అవ్వ అవతలోల్ల దిక్కు మాట్లాడవట్టె."

సెలక్షన్ సారు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఈమె నీ మనుమరాలే గదా?"

"అవును సారూ."

"పక్కాగా చూసినవా? నువ్వు చెప్పినదాన్ని బట్టి ఈ పిల్ల పేరు తీసెయ్యాల్సి వస్తది."

"జూసిన. నా ముందర్నే అయింది. నాడె మొనలను ఆడనిచ్చింది మేము. గా తప్పు పిల్లలది కాదు. అడ్డం తిరిగింది మాత్రం మా పిల్ల."

రత్న నా ఒడిలోంచి లేచి కూర్చుంది. కొంగును తోసేసింది. "నన్ను ఇంట్ల కూసోబెట్టాలని చెప్తున్నది సార్. నేను పోవుడు ఈమెకు ఇష్టం లేదు. ఊరంతటికి ఎరికే."

అందరూ నా వంక చూశారు.

"నువ్వు పోవద్దని నాకు ఉన్నది నిజమే బిడ్డా" అన్నాను. "నువ్వు అడ్డం అచ్చింది గూడ నిజమే. రెండు నిజాలు ఒక్కదిక్కే అయితే నేనేం జెయ్యాలె?"

సారు నర్సన్న వంక చూశాడు. నర్సన్న విజిల్ ఊది రత్నను బయటికి వెళ్లమన్నాడు. గొంతు గట్టిగా లేదు గానీ మాట మార్చలేదు. నాజియాను ఆడమన్నాడు.

ఇనాయతుల్లా ఆడనివ్వలేదు. దగ్గర్లోని సైకిల్ షాపు నుంచి ఆకురాయి, రంపం బ్లేడు తెప్పించాడు. నాడెలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటిది చేతిలోకి తీసుకుని కండ్లకద్దుకున్నాడు.

"మాటిచ్చిన అన్నవ్ గద" అన్నాను.

"ఇచ్చిన. పోయి తప్పయిందని చెప్త. తిడ్తరు. తిట్లు పడొచ్చు" అన్నాడు. ఎనిమిది మొనలూ కోసి, చెక్కను నున్నగా రాసి ఇచ్చాడు. ఆ పని అయ్యేదాకా ఆట ఆగింది. టెంట్ల కింద అప్పటిదాకా కేకలేసినవాళ్లు కూడా వచ్చి ఊరికే చూస్తూ నిలబడ్డారు.

మేము ముగ్గురితో ఆడి ఓడిపోయాం. నాజియా పేరూ, సిరిసిల్ల జట్టులోనే ఇంకో పిల్ల పేరూ చదివారు.

గ్రౌండు పక్క డాక్టరు రత్నకు కుట్లు వేశాడు. ఆటోలో కూర్చోమంటే కూర్చోలేదు. కట్టుతోనే సైకిలెక్కింది. మిగతా పిల్లలు దాన్ని పలకరించడానికి జంకి ముందు పోయారు. నేను, యాదగిరి వెనక పోయాం. యాదగిరి కర్రలు సర్దుకోమని ఊరికే రెండుసార్లు చెప్పాడు.

మేడిపల్లి దగ్గర రాస్తారోకో. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. ఒక పక్క కబడ్డీ ఆడుతున్నారు. సైకిళ్లను వదులుతున్నారు, బండ్లను ఆపుతున్నారు. మా ఆటో ఆగింది. రత్న దాటి పోయిందనుకున్నాను. కొంచెం ముందు, రోడ్డు పక్కన, సైకిల్ స్టాండు వేసి కూర్చుని ఉంది. ఎవరో విస్తరాకులో కిచిడి పెడితే తింటున్నది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"తువ్వాల ఎప్పుడు లేపినవ్?" అంది తలెత్తకుండా.

"ఎప్పుడంటే?"

"నేను పడ్డంక లేపినవా, పడకముందే లేపినవా?"

"పడకముందే. నీ ముందటి చక్రం మల్లంగనే లేపిన."

"గప్పుడు నీకు సెలక్షన్ యాదికి ఉండెనా?"

ఆలోచించాను. "గప్పుడు ఏం యాదికి లేదు బిడ్డా. గుద్దుకుంటరని భయమైంది. గంతే."

రత్న విస్తరిలో మిగిలింది తినేసి, ఆకును మడిచి చేతిలోనే పట్టుకుంది. "జాగ లేదని నాకు గూడ తెలుసు బాపమ్మా. ఆమె బ్రేకు కొడ్తదనుకున్న."

"కొట్టకపోతే?"

"గది అనుకోలే." కట్టు మీద చెయ్యి పెట్టుకుంది. "ఆమె మోచెయ్యి బాగనే దోక్కపోయింది గదా?"

"బాగనే దోక్కపోయింది."

"నాడె మొన గురించి అందరు ఆమెనే తిడుతాంటే నేను సప్పుడు జెయ్యలే."

అనవలసింది ఏదైనా ఉంటే అది రత్న నాజియాతో అనాలి.

"వచ్చే యేడు మళ్ల పోత సెలక్షన్‌కు" అంది. "గప్పుడు ఆపుతవా?"

"ఆపాలని ఉంటది."

"నేనడిగింది గది కాదు."

"ఆపను" అన్నాను.

అప్పుడే రోడ్డు వదిలారు. యాదగిరి హారన్ కొట్టాడు. నేను లేచేలోపే రత్న సైకిలెక్కి తొక్కడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. దూరం పెరుగుతున్నది.

"తొందరగ వోయి పట్టుకోవాల్నా అవ్వా?" అన్నాడు యాదగిరి. "కట్టుతోని గట్ల తొక్కుతాంది."

"వద్దు" అన్నాను. "పోనియ్యి. రోడ్డు మీద ఎవరు అడ్డం లేరు."

మలుపు దగ్గర సైకిల్ కనబడకుండా పోయింది. యాదగిరి మెల్లగానే నడిపాడు.